ఎవరు మార్చారో తెలియాలి కదా
సీటీ స్కాన్ ప్రోటోకాల్స్ (ఒక్కో రకం స్కాన్‌కి మెషిన్‌లో ముందే సేవ్ చేసి పెట్టే సెట్టింగులు) చూసుకునే సాఫ్ట్‌వేర్ పెద్ద ఆసుపత్రులకే అవసరమని ఎవరో రాశారు, నేను ఒప్పుకోను. విశాఖలో సీటీ టెక్నీషియన్‌ని. ఇదివరకు పనిచేసిన చోట నైట్ డ్యూటీలో ఎవరో పిల్లల హెడ్ ప్రోటోకాల్‌లో ఎంఏఎస్‌ని (ఎక్స్‌రే ఎంత పంపాలో చెప్పే సెట్టింగ్) 100 నుంచి 200 చేసి అలాగే సేవ్ చేసేశారు. మిగతా సెట్టింగులు మారకపోతే ఎంఏఎస్ రెట్టింపైతే రేడియేషన్ డోసూ రెట్టింపే, పైగా ఇమేజ్ ఇంకా శుభ్రంగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆరేళ్ల పాప స్కాన్ అయ్యాక డోస్ పేజీలో సీటీడీఐ (స్కాన్‌లో మెషిన్ ఇచ్చిన రేడియేషన్ కొలత) అంకె చూసి నా గుండె ఝల్లుమంది. ఈ సాఫ్ట్‌వేర్ ఉంటే ఎవరు ఎప్పుడు మార్చారో రికార్డవుతుంది, మనం పెట్టిన హద్దు దాటితే అలర్ట్ వస్తుంది (ఆ అలర్ట్ చూసే మనిషి కూడా ఉండాలి లెండి). బయట బెంచీ మీద వాళ్లమ్మ "రేడియేషన్ తక్కువే కదా తమ్ముడూ" అని అడిగితే నాకు నోట మాట రాలేదు.