డాబా మీద ప్యానెళ్లు, ఆఫీసులో ఫైలు

విజయవాడలో ఎండలు ముదిరాక రెండు ఏసీలు నడిచే ఇంట్లో నెలకు 500 యూనిట్లు కాలడం మామూలే. 2022-23లో ఖరారైన శ్లాబుల ప్రకారం దానికి ఎనర్జీ చార్జీలే 3,520 రూపాయలు దాటతాయి. ఫిక్స్‌డ్ చార్జీలు, పాత ఖర్చుల కింద తర్వాత వసూలు చేసే ట్రూఅప్‌లు వేరే. అదే డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లుండి నెలకు 330 యూనిట్లు ఇస్తే బిల్లుకొచ్చేది 170 యూనిట్లే. వాటి ఖరీదు 690 రూపాయల లోపే. ముందుగా తగ్గేవి 9.75, 8.75 రూపాయల ఖరీదైన యూనిట్లు. అంటే ఇంటికొచ్చే కరెంటునూ బయటికి పంపే కరెంటునూ లెక్కేసే నెట్ మీటరు ఎండాకాలంలో ఒక్క నెల ఆలస్యమైతే ఆ కుటుంబానికి 2,800 రూపాయల పైనే నష్టం. అనుమతుల గురించి మాట్లాడేవాళ్లు ఈ లెక్క మర్చిపోకూడదు.

నిబంధనలను తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయల దాకా సబ్సిడీ. అదే నెలలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్టే. ఇంటి లోడు పెంచాల్సి వస్తే ఆ పని కరెంటు పంపిణీ సంస్థే (డిస్కమ్) చేయాలి. 5 కిలోవాట్ల వరకు లైన్లను బలపరిచే ఖర్చు కూడా దానిదే. ప్లాంటును ప్రారంభించే గడువు 30 రోజుల నుంచి 15కు తగ్గింది.

మరి ఫైలు ఎక్కడ ఆగుతోంది? ‘కాగితాలన్నీ సరిగ్గా ఉంటే’ అన్న షరతు దగ్గరే. సత్యనారాయణపురంలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో పాత ఇళ్ల కరెంటు బిల్లు చూడండి. చాలాచోట్ల ఇంకా తాతగారి పేరో, చనిపోయిన నాన్నగారి పేరో ఉంటుంది. నెలనెలా బిల్లు కడుతున్నంత కాలం ఆ పేరుతో ఎవరికీ పని పడదు. సోలార్‌కు దరఖాస్తు పెట్టగానే పడుతుంది. బిల్లులో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉంటే సబ్సిడీ దగ్గర చిక్కే. పేరు మార్చాలంటే మరణ ధ్రువీకరణ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి పత్రాలు, మిగతా వారసుల ఒప్పుదల కావాలి. అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలని ఇంట్లో ఇదంతా ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. పేరు మార్పునూ సోలార్ దరఖాస్తునూ వార్డు సచివాలయంలో ఒకే ఫైలుగా తీసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. ఇది చట్టం మార్చాల్సినంత పెద్ద పని కాదు.

ఫైలు ఆగే రెండో చోటు ప్యానెళ్లు బిగించాక వస్తుంది. వెండర్ పని ముగించి డబ్బు తీసుకుంటాడు. లోను కిస్తీ మొదలవుతుంది. కానీ డిస్కమ్ సిబ్బంది వచ్చి తనిఖీ చేసి, నెట్ మీటరు పెట్టేదాకా స్విచ్ వేయకూడదు. కొన్ని పాత మీటర్లు బయటికి పంపిన కరెంటును కూడా మనం వాడినట్టే లెక్కేస్తాయి. సబ్సిడీ కూడా ఈ మెట్టు దాటాకే. నిజానికి కుటుంబం మీద భారం పడేది ఇక్కడే.

డిస్కమ్‌ల ఇబ్బంది కూడా అర్థం చేసుకోవాలి. పై శ్లాబుల్లో కట్టే ఇళ్లే వాటికి మంచి రాబడి. సోలార్ ముందుగా ఆ రాబడినే తగ్గిస్తుంది. పైగా ప్యానెళ్లు మధ్యాహ్నం ఇస్తాయి, జనం ఎక్కువగా అడిగేది చీకటి పడ్డాక. ఆ బాధ న్యాయమైనదే. కానీ దానికి పరిష్కారం టారిఫ్ విచారణలో, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ) ముందు వెతకాలి. మీటరు స్టాకు లేదనే మాటతో వినియోగదారుడి మీదికి నెట్టకూడదు. ఇక్కడి డిస్కమ్ ఏపీసీపీడీసీఎల్ ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది. ఏ సెక్షన్‌లో ఎన్ని ప్లాంట్లు బిగించారు, వాటిలో ఎన్ని 15 రోజులు దాటినా మీటరు కోసం చూస్తున్నాయి అన్న పట్టిక నెలకోసారి వెబ్‌సైట్‌లో పెడితే చాలు, కదలిక అదే వస్తుంది.

వెండర్లు చెప్పని సంగతి ఒకటుంది. బ్యాటరీ లేని ఈ ప్లాంట్లు కరెంటు పోయినప్పుడు ఆగిపోతాయి. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా ఉండాలంటే అలా ఆగాల్సిందే. ఎండాకాలం కోతల నుంచి తప్పించుకోవచ్చని కొనేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

ఇక అపార్ట్‌మెంట్లు. పటమట, మొగల్రాజపురం, భవానీపురం ఇప్పుడు నిండా అవే. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. టెర్రస్ అందరిదీ కాబట్టి మిగతావాళ్ల ఒప్పుదల లేకుండా ఒక్క ఫ్లాట్ యజమాని సొంతంగా ప్యానెళ్లు పెట్టుకోలేడు. ఒకే ప్లాంటు కరెంటును ఫ్లాట్ల బిల్లులకు వాటాలుగా పంచే వర్చువల్ నెట్ మీటరింగ్‌కు ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన నగరాల్లో అది మామూలు దరఖాస్తంత సులువయ్యే దాకా, అసోసియేషన్లు కనీసం లిఫ్టు, మోటార్ల ఉమ్మడి మీటరుకైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. కావాల్సింది జనరల్ బాడీలో ఒక తీర్మానం. అది చలికాలంలోనే చేసుకుంటే, మీటరు కాస్త ఆలస్యమైనా వేసవి బిల్లులకు అందుకుంటుంది.