ఇంట్లో అందరూ కలిసి చూసే సిరీస్‌లా? ఉన్నాయండీ
తెలుగు వెబ్ సిరీస్‌లంటే బూతులూ నెత్తురేనని, ఇంట్లో అందరూ కలిసి చూసేవి లేవని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఈమధ్య మా అమ్మతో కలిసి ఈటీవీ విన్ ఓటీటీలో '90స్ ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' చూశాను. 2024 జనవరిలో వచ్చింది, ఆరే ఎపిసోడ్లు. శివాజీ వేసిన లెక్కల మాస్టారు సర్కారు బడిలో పాఠాలు చెప్తూ, సొంత పిల్లల్ని మాత్రం ప్రైవేటు స్కూల్లో చదివిస్తాడు. పొద్దున్నే మళ్లీ ఉప్మా అని పిల్లలు మొహం ముడుచుకుంటే, అమ్మ రిమోట్ పక్కన పెట్టి "అచ్చం నువ్వే" అంది. పిల్లల తల్లిగా వాసుకి నటన చూస్తుంటే మా అమ్మ కళ్లు తడిశాయి కూడా.

హిందీ సిరీస్ అయినా పర్లేదంటే అమెజాన్ ప్రైమ్‌లో 'పంచాయత్' మొదటి సీజన్ నుంచి చూడండి. ఇరవై వేల జీతానికి ఫులేరా అనే ఊళ్లో పంచాయతీ కార్యదర్శిగా చేరిన ఇంజనీరు కుర్రాడి కథ. నవ్విస్తూ నవ్విస్తూనే రెండో సీజన్ చివర్లో ప్రహ్లాద్ అనే పాత్ర దగ్గర గుండె పిండేస్తారు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. దీన్నే తెలుగులో 'సివరపల్లి'గా తీశారు. హీరోగా రాగ్ మయూర్ బాగా చేశాడు, భాష బాగుంది. కానీ ముందు అసలుదే చూడండి. సబ్‌టైటిల్స్ ఉన్నాయి, భయం లేదు.