నా తల నీడ

మా ఇంటి వెనక గదిలో నాకొక పనిబల్ల ఉంది. కర్నూలు పాతబస్తీలో మా తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు దక్కిన టేకు తలుపును రెండు ట్రంకుపెట్టెల మీద పరిచి చేసుకున్నది కాబట్టి దానికి గొళ్ళెం కూడా ఉంది. చేతిలోంచి జారిన చిన్న మరలన్నీ దొర్లుకుంటూ పోయి చేరేది ఆ గొళ్ళెం కిందికే. ఉద్యోగం బ్యాంకులోనే అయినా నా మనసంతా ఆ తలుపు మీదనే ఉంటుంది. బంధువుల ఇళ్ళలో తిరగని మిక్సీలు, మాట వినని ఫ్యాను రెగ్యులేటర్లు, మూగబోయిన రేడియోలు నా దగ్గరికి వస్తాయి. కొన్ని బాగై తిరిగి వెళ్తాయి. మిగిలినవి ఆ ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి.

ఈ బల్లకు ఉన్న లోపమల్లా వెలుతురు. గదిలోని ట్యూబ్‌లైటు సరిగ్గా నా వీపు వెనక గోడ మీద ఉండటం వల్ల, నేను కుర్చీలో కూర్చుని ముందుకు వంగిన మరుక్షణం నా తల నీడ వచ్చి నేను చూడవలసిన చోటనే కూర్చుంటుంది. ఓర్వకల్లు దగ్గర శకునాల, గని గ్రామాల భూముల్లో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కును నడిపిస్తున్న ఎండ మాది. అటువంటి ఊళ్ళో ఉంటూ బెత్తెడు చోటికి వెలుతురు చాలక నేను తిప్పలు పడ్డానంటే బయట చెప్పుకోవడానికి కూడా బాగుండదు.

చీకటిగా ఉంటే పెద్ద బల్బు పెట్టుకోవాలన్నది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి నేనూ అదే చేశాను. అంగడిలోని కుర్రవాడు పాపం సరైన ప్రశ్నే అడిగాడు. "ఎక్కడ పెడతారు సార్?" అన్నాడు. ఎక్కడ పెడితే నీకెందుకప్పా, ఉన్నవాటిలో పెద్దది ఇవ్వు, అన్నాను. పాతకాలపు 60 వాట్ల బల్బు ఇచ్చే 800 ల్యూమెన్ల వెలుతురును ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంటే, నేను తెచ్చింది 20 వాట్లది. దాన్ని ట్యూబ్‌లైటు పక్కనున్న హోల్డరులోనే బిగించి, స్విచ్ వేసి, గర్వంగా కూర్చుని, ముందుకు వంగాను. నాలుగడుగుల పొడవున్న ట్యూబ్‌లైటు వెలుతురు అటూ ఇటూ నుంచి వచ్చి నీడ అంచులను చెరిపేది కాబట్టి మునుపటి నీడ బూడిదరంగులో ఉండేది, దానిలో తీగలు లీలగానైనా కనబడేవి. ఇప్పుడు వెలుతురంతా పిడికెడు బల్బులోంచి వస్తుండటంతో నీడ కాటుక పూసినట్టు, రెండు చెవులతో సహా, బల్ల మీద అచ్చుపడింది. ఎడమ చెవి నీడలో రేడియో, కుడి చెవి నీడలో స్క్రూడ్రైవరు. తల పక్కకు వాల్చి పనిచేయడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి బ్యాంకులో జనం నా మెడ చూసి, దిండు గురించి సలహాలు ఇవ్వసాగారు.

దీపాన్ని దగ్గరికి తెచ్చుకుంటే సరిపోతుందని ఎక్కడో చదివాను. దూరం సగమైతే పడే వెలుతురు నాలుగింతలవుతుంది; రెండు మీటర్ల నుంచి అర మీటరుకు తెస్తే పదహారింతలు. లెక్కలో తప్పు లేదు. తప్పల్లా ఆ 20 వాట్ల బల్బునే డొప్ప లేకుండా, దూలానికి వేలాడదీసిన వైరుతో నా ముక్కుకు ఎదురుగా దించడంలో ఉంది. వెలుతురు బల్ల మీద పదహారింతలైతే నా కళ్ళలో అంతకన్నా ఎక్కువైంది. అందులోనూ అది తొలకరి. మా ఊళ్ళో వాన ఎంత అరుదో, వచ్చిన రాత్రి ఉసిళ్ళు అంత ధారాళం. కిటికీ మూసేలోపల అవన్నీ నా బల్బు చుట్టూ పెళ్ళి పందిరి వేసుకుని, రెక్కలు విదిల్చి టంకం మీద, ఫ్లక్సు డబ్బాలో, చొక్కా కాలరులో రాలాయి. నేను మాత్రం పట్టుదలగా, ఒక కన్ను మూసుకుని, మా మామగారి రేడియోకు టంకం వేస్తూనే ఉన్నాను.

ఆ రేడియో సంగతి కొంచెం చెప్పాలి. మామగారిది కడప. తెల్లవారి ఆకాశవాణి కడప కేంద్రం వినకపోతే ఆయనకు కాఫీ దిగదు. బల్బు దెబ్బకు కళ్ళు ఎర్రబడ్డ నేను, ఈసారి కంటికి చల్లగా ఉండాలని, మూడు రంగుల వెలుతురు ఇచ్చే చవక టేబుల్ లైటు ఒకటి కొని, దాన్ని దీపావళి ప్రమిదలాంటి పసుపు వెలుతురులో పెట్టుకుని ఆ పని పూర్తిచేయడానికి కూర్చున్నాను. హాయిగా ఉంది. నిద్ర కూడా వచ్చింది. కరెంటును అదుపులో పెట్టే చిన్న భాగం రెసిస్టర్. అది ఎంత అడ్డుపడుతుందో, అంటే ఎన్ని ఓములో, తెలిసేది దాని ఒంటి మీది రంగు పట్టీల వల్లనే: గోధుమ, నలుపు, ఎరుపు అయితే 1,000 ఓములు; గోధుమ, నలుపు, నారింజ అయితే 10,000. ఎరుపుకూ నారింజకూ మధ్య పదింతల తేడా ఉంటే, నా దీపం కింద రెండూ ఒకే ఇటుకరంగులో మెరిశాయి. పదివేలు ఉండవలసిన చోట వెయ్యి పెట్టాను. బ్యాంకులో అయితే ఆ సాయంత్రమే పట్టుబడేది.

రేడియో బస్సులో కడప చేరిన మరునాడు ఉదయం అక్కడి నుంచి ఫోను వచ్చింది. "అల్లుడూ, ఎవరప్పా ఈయన, బావిలో కూర్చోని వార్తలు చదువుతాండాడు?" అని మామగారు అడిగారు. కాసేపటికి మళ్ళీ ఫోను చేసి, ఇప్పుడు బావిలోంచి పొగ కూడా వస్తోందని తెలిపారు.

దీపం అట్ట మీద రంగులు చూపించే నాణ్యత, అంటే సీఆర్‌ఐ, 80 అని ఉంది. వందకు ఎనభై అంటే మన లెక్కలో డిస్టింక్షనే కదా. విచారిస్తే తెలిసిందేమిటంటే, ఆ మార్కులు ఎనిమిది లేతరంగుల సగటట. చిక్కటి ఎరుపు తొమ్మిదోది, దాన్ని సగటులోనే కలపరు. పిల్లవాడు ఫెయిలైన సబ్జెక్టును మార్కుల జాబితాలోంచి తీసేసి ఫస్టుక్లాసు వచ్చిందని చూపించే తండ్రి ఎవరో ఈ కొలత కనిపెట్టి ఉండాలి.

ఇక ఖర్చుకు వెనుదీయకూడదని స్ప్రింగుల చేయి ఉన్న దీపం కొన్నాను. 1932లో జార్జ్ కార్వర్డైన్ అనే ఇంగ్లండు ఇంజనీరు, కార్ల సస్పెన్షన్లు తయారుచేసే అనుభవంతో, ఎక్కడ వదిలితే అక్కడే నిలిచే ఇటువంటి చేయికి పేటెంటు తీసుకున్నాడు. దీపం తల బరువుకూ స్ప్రింగుల లాగుడుకూ సరిగ్గా తూకం కుదరడమే అందులోని రహస్యం. నేను ఆ దీపంతో వచ్చిన బరువైన బల్బు తీసి తేలికపాటిది బిగించాను. వదిలిన వెంటనే దీపం తనంతట తానే మెల్లగా పైకి లేచి, అసెంబ్లీలో అభ్యంతరం తెలిపే సభ్యుడిలా నిలబడి, గోడ మీది క్యాలెండరును కిందపడేసింది. కిందికి దించితే మళ్ళీ లేచింది. మూడోసారి నా కళ్ళద్దాలను కూడా తీసుకుని లేచింది. చివరికి సైకిలు నట్టు ఒకదాన్ని రాగితీగతో దాని మెడకు తాయెత్తులా కట్టాక శాంతించింది.

ఆ తరువాత జరిగిందంతా, నాకే ఆశ్చర్యంగా, సవ్యంగా జరిగింది. కుడిచేతి వాటం వాణ్ణి కాబట్టి దీపాన్ని ఎడమవైపు, కొంచెం ముందుకు పెట్టాను. చేతి నీడ పని మీద కాక పక్కకు పడింది. బల్బు కంటికి కనబడకుండా డొప్పను దించాను. వెలుతురు రంగు కొలతలో 4,000 కెల్విన్లున్న తెల్లటి బల్బు, సీఆర్‌ఐ 90 దాటినది, బల్లకు రెండు జానల ఎత్తులో. ఉన్న నీడ కూడా పలచబడాలని ఆ చవక దీపాన్నే తెల్ల వెలుతురుకు మార్చి కుడివైపు దూరంగా నిలబెట్టాను. వెనక ట్యూబ్‌లైటు కూడా వెలుగుతూనే ఉంది. ఎరుపు ఎరుపుగా, నారింజ నారింజగా, గొళ్ళెం కింద ఏళ్ళుగా పోగైన పదకొండు మరలు మరల్లాగా కనబడ్డాయి.

కడప నుంచి బస్సులో తిరిగొచ్చిన రేడియో మూత విప్పి ఆ వెలుతురు కింద పెట్టాను. సరిగ్గా వేసిన టంకం నున్నగా మెరుస్తూ, తీగను పట్టుకుని అంచుల దాకా పలచగా జారి ఉంటుంది. కంపెనీవాళ్ళు వేసినవన్నీ అలాగే ఉన్నాయి. వాటి మధ్య మసకబారిన మినపగుండ్లలా, ఒకటి పగిలి, ఒకటి పక్కదానితో చేతులు కలిపి, ఒకదానిలో ఉసిలి రెక్క నిలువునా దిగబడి, నావి కనబడ్డాయి. ఇంకొకదానిలో ఒక వెంట్రుక ఉంది. నల్లగా ఉంది కాబట్టి అది కనీసం పదేళ్ళ కిందటి మరమ్మతు అయి ఉండాలి. అనుమానం వచ్చి ట్రంకుపెట్టె తెరిచి ఒక ఫ్యాను రెగ్యులేటరు తీసి చూసి, మళ్ళీ మూసేశాను.

అంతలో మా ఆవిడ వచ్చి, "నాయన రేడియో అయిందాండీ? ఈ లైటు భలే ఉందే, ఏదీ చూడనీ" అంటూ నా భుజం మీదుగా వంగింది. కళ్ళకు మరీ కొడుతోందని చెప్పి, దీపం మెడను గోడవైపు తిప్పి, నా తల నీడను తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను.