ఇంకా ఏమీ అనుకోలేదండీ

మే నెల, మధ్యాహ్నం రెండు, గుంటూరు, పైగా కరెంటు పోయింది. ఫోనులో చూస్తే 44 డిగ్రీలు. ఎదురింటి వాళ్లు సరిగ్గా ఆ రోజే మేడ మీద కారానికి మిరపకాయలు ఎండబెట్టారు. ఇంట్లో ఒకరు తుమ్మడం ఆపితే ఇంకొకరు అందుకుంటున్నారు. అలాంటి శుభముహూర్తాన మా నాన్న నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, హాల్లో చాప మీద పడుకుని, తిరగని ఫ్యాను వంక చూస్తూ "ఒరే, బాపట్ల పోదాంరా" అన్నాడు.

రెండు రోజులు ఉండి వద్దామన్నాడేమో అనుకున్నాను. కాదట. మకాం మార్చేద్దామట.

నాకూ ఆ మాట నచ్చింది, దాచడమెందుకు. నేను ఒక కంపెనీకి లెక్కలు రాస్తాను, నెలకు రెండుసార్లు ఆఫీసులో కనబడితే చాలు, మిగతాదంతా ఇంటి నుంచే. ఇక్కడ పోర్షనుకి పద్నాలుగు వేలు కడుతున్నాం, అక్కడ ఎనిమిదికే వస్తుందని ఫ్రెండు చెప్పాడు. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా పోతే యాభై కిలోమీటర్లు. బాపట్ల ఊళ్లోంచి సూర్యలంక బీచి ఇంకో తొమ్మిది. పైగా 2022 ఏప్రిల్ నుంచి అది జిల్లా కేంద్రం కూడాను. సాయంత్రం లాప్‌టాప్ మూసి, లుంగీ ఎగ్గట్టి, సముద్రం ఒడ్డున వేరుశనక్కాయలు తింటూ నడుస్తున్న నన్ను నేను అప్పటికే చూసేసుకున్నాను.

మా ఆవిడ మాత్రం "పెద్దదానికి ఇంటర్ అడ్మిషను ఉంది, గుర్తుందా?" అంది. గుంటూరులో ఈ ఒక్క ప్రశ్నకి జవాబు లేదు. రాష్ట్రంలో సగం ఊళ్ల జనం పిల్లల చదువని ఇక్కడికొచ్చి పడుతుంటే, మేము ఇక్కణ్ణుంచి పోవడం ఏమిటని ఆవిడ పాయింటు.

నాన్న చరిత్రలోకి వెళ్లాడు. ఆయన ఓడిపోతున్నప్పుడల్లా అక్కడికే వెళతాడు. "1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు చెప్పారని చీరాల, పేరాల జనం మునిసిపాలిటీ పన్ను కట్టేది లేదని ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసి, బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారమ్మా. మనం ఒక్క పోర్షను ఖాళీ చేయలేమా?"

"మరి చివరికి ఏమైంది మావయ్యగారూ?"

నాన్న కాసేపు ఆలోచించాడు. "చివరికి... తిరిగి వచ్చేశారనుకో" అన్నాడు. ఆ రోజుకి చర్చ అయిపోయింది.

అయిపోయిందని మేం అనుకున్నాం. మర్నాడు పొద్దున్నే మా ఆవిడ పాలబ్బాయితో, ఊరికే మాటవరసకి, "వచ్చే నెల నుంచి మాకు పాలు వద్దేమో, చెబుతాలే" అంది. బ్రాడీపేట సంగతి తెలిసినవాళ్లకి తెలుసు, ఇక్కడ అడ్రసంటే లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు, రెండు అంకెలు చెబితే చాలు, ఎవడైనా కళ్లు మూసుకుని వచ్చేస్తాడు. వార్త కూడా అంతే. నాలుగో లైనులో మా ఇంట్లో పుట్టింది, టిఫిన్ల వేళకి రెండో లైను దాటింది. ఇస్త్రీ అతను ఎప్పుడూ నెలాఖరుకి గానీ అడగనివాడు పదో తారీఖునే "సార్, నూట ఎనభై ఉంది" అని గుమ్మంలో నిలబడ్డాడు. చీటీ వేసే ఆవిడ, మూడేళ్ల నుంచి నన్ను చూసి తల ఊపడం తప్ప మాట్లాడి ఎరుగదు, ఆవిడ కాఫీకి వచ్చి గంట కూర్చుంది. పక్క పోర్షనువాళ్లు ఇంకొంచెం ముందుకు పోయి, "ఎలాగూ అక్కడ చల్లగా ఉంటుంది గదండీ, కూలరు మాకిచ్చేసి వెళ్లండి, రెండు వేలు ఇస్తాం" అన్నారు. నేను "అబ్బే, ఇంకా ఏమీ అనుకోలేదండీ" అనేలోపు వాళ్లబ్బాయి వచ్చి కూలరుని చక్రాల మీద దొర్లించుకుంటూ పోయాడు. చక్రాలుండటం కూలరుకి ఇంత ప్రమాదమని నాకు తెలియదు.

మా అత్తగారు తెనాలి నుంచి ఫోను చేశారు. అమ్మాయితో అరగంట, తర్వాత నాతో. "1977 నవంబరు 19 మీకు గుర్తుండదు బాబూ, నాకు గుర్తుంది" అని ఉప్పెన దగ్గర మొదలుపెట్టి, "అంత పాతది ఎందుకు, మొన్న 2023 డిసెంబరులో ఆ నోరు తిరగని పేరు తుపాను తీరం దాటిందే, ఎక్కడ దాటిందనుకున్నారు? బాపట్ల దగ్గరే" అని ఆపారు. మిగ్‌జాం అండీ అని నేను పేరు అందించాను. ఆ సమయంలో పేరు అందించకుండా ఉండాల్సింది.

సరే, ఊరికే వాదించుకోవడం దేనికి, నాలుగు రోజులు ఉండి చూద్దామని తేల్చాం. సూర్యలంక దారిలో ఫ్రెండు వాళ్ల ఇల్లు ఖాళీగా ఉంది. తులసికోటకి నీళ్లు పోయమని ఓనరు ఆంటీగారికి డూప్లికేటు తాళంచెవి ఇచ్చి, నాలుగు రోజులకి పద్నాలుగు సంచులతో బస్సెక్కాం. అందులో ఒక సంచి పూర్తిగా మా ఆవిడ చేసిన చేగోడీలు, అప్పడాలు.

మొదటి రోజు మధ్యాహ్నం గాలి చూడాలి! కిటికీ తెరిస్తే కేలండరు గోడ మీద నిలవలేదు. నాన్న నా వంక గర్వంగా చూశాడు, ఆ గాలి ఆయనే వేయించినట్టు. రాత్రి పడుకోబోయే వేళకి అది కాస్తా ఆగింది. ఆకు కదలదు. ఉక్కపోతకి చొక్కా పిండితే గ్లాసుడు వచ్చేలా ఉంది. ఫోను 32 అంటుంది, ఒంటికి ఆ సంగతి తెలియదు. చీకట్లోంచి పెద్దది చెప్పింది, "పగలు నేల తొందరగా వేడెక్కుతుంది కాబట్టి గాలి సముద్రం నుంచి నేల మీదకి వస్తుంది నాన్నా, రాత్రి నేల తొందరగా చల్లారుతుంది కాబట్టి ఇటు నుంచి సముద్రం మీదకి పోతుంది. సోషల్‌లో ఉంది." అంటే రాత్రి వచ్చే ఆ కాస్త గాలీ గుంటూరు వైపు నుంచి వచ్చేదే. ఎనిమిది వేలు అద్దె కట్టి గుంటూరు గాలి పీల్చడమేమిటని లెక్కలు రాసే బుర్ర కదా, అక్కడ ఆగిపోయింది.

రెండో రోజు చేపలు. నాన్న అసలు కోరిక గాలి కాదు, చేపలే అని నాకు ముందునుంచీ అనుమానం. చందువా, వంజరం, మాగ అని వరసగా చెప్పుకుంటూ సంచి పట్టుకుని మార్కెట్టుకి వచ్చాడు. అక్కడ చేపలమ్మే ఆవిడ మమ్మల్ని చూసి, "వేట లేదు గదయ్యా, తెలవదా?" అంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి పోకూడదు, ప్రభుత్వం నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. "గుడ్లు పెట్టుకోనీయండయ్యా, ఏం తొందర?" అని నవ్వింది. ఆవిడ దగ్గర ఉన్నది బొచ్చె ఒకటే. ఎక్కడిదమ్మా అంటే చెరువుదంది. ఇది గుంటూరులో మా సందు చివర కూడా దొరుకుతుంది. సముద్రానికి కూతవేటు దూరంలో చెరువు చేప కొని, ఇద్దరం దారిలో ఒక్క మాట మాట్లాడుకోకుండా ఇంటికొచ్చాం.

ఆ రోజు భోజనాల్లోనే ఇంకో సంగతి బయటపడింది. మా ఆవిడ అప్పడాలు వేయించి పెట్టింది. పప్పన్నం అయ్యి చారులోకి వచ్చేసరికి కంచంలో అప్పడం గోధుమ రొట్టెలా వంగుతోంది. నేను విరవబోతే సాగింది. చేగోడీల సంచి విప్పి చూస్తే అవి కొరికితే శబ్దమే లేదు. ఉప్పు డబ్బా తెరిస్తే అడుగున నీళ్లు. మా ఆవిడ ఏమీ అనలేదు. లేచి, వంటగదిలో ఫ్రిజ్ కింద వంగి చూసింది, గేటు బందుల మీద చూపుడు వేలితో గీసి ఆ తుప్పుని తీసుకొచ్చి నా కళ్లముందు పెట్టింది. తుపానులకి బెదరని మా ప్లానుని ఒక చేగోడీ ఓడించింది.

మూడో రోజు సాయంత్రం సరే వచ్చాం కదా అని బీచికి వెళ్లాం. చిన్నోడు అలల్లో దూకుతుంటే పట్టుకోవడానికి నేనూ దిగాను, మోకాళ్ల దాకానే. ఒక అల వచ్చి నడుము దాకా లేపి కూర్చోబెట్టింది. లేచాక జేబు తడుముకుంటే ఇంటి తాళంచెవులు లేవు. బీరువావి, స్కూటరువి, అన్నీ ఒకే గుత్తి. ఎప్పటికైనా పనికొస్తుందని ఆ గుత్తికి నేనే ఒక చిన్న దిక్సూచి తగిలించి ఉన్నాను. అది ఇప్పుడు సముద్రంలో ఎవరికి దారి చూపిస్తోందో.

నాలుగో రోజు పూర్తయ్యేదాకా ఆగలేదు, మర్నాడు పొద్దున మొదటి బస్సుకే బయల్దేరాం. డూప్లికేటు ఉందిగా అన్న ధైర్యంతో ఆంటీగారికి దారిలో ఆరుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. ఇంటికొచ్చి చూస్తే గేటుకి టులెట్ బోర్డు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. దొంగలనుకుని నాన్న గొడుగు ఎత్తాడు. లోపల మా వంటగదిలో ఒకావిడ కుళాయి తిప్పి చూస్తోంది, ఒకాయన మా బెడ్రూంలో టేపుతో గోడ కొలుస్తున్నాడు. మమ్మల్ని, మా సంచుల్ని చూసి ఆయన ఎంతో మర్యాదగా, "మీరు కూడా ఇల్లు చూడటానికే వచ్చారాండీ? మేం ముందొచ్చాం" అన్నాడు.

ఓనరు ఆంటీగారు వెనక నుంచి వచ్చి, "అదేమిటి బాబూ, మీరు వెళ్లిపోయారన్నారే!" అన్నారు.

"ఇంకా ఏమీ అనుకోలేదండీ" అన్నాను. ఆ వారంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఇక్కడ మా ఆవిడని చూడాలి మీరు. సంచి కింద పెట్టి, ఆ కుళాయి దగ్గర ఆవిడని పక్కకి పిలిచి, చెల్లెలితో చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది. పడమటి ఎండ గోడల్లోకి దిగుతుందని, రాత్రి పదకొండుకి కూడా గోడ ముట్టుకోలేమని, మధ్యాహ్నం కరెంటు పోతే దేవుడే దిక్కని, ఎదురింటివాళ్లు మేడ మీద మిరపకాయలు ఎండబెడతారని. బాపట్ల వెళ్లడానికి వారం కిందట నేను చెప్పిన కారణాలన్నీ వరసగా, ఒక్కటి పోకుండా. సమయానికి ఆవిడకి తుమ్ము కూడా వచ్చింది.

"పర్లేదండీ, సర్దుకుంటాం" అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ. "మాది బాపట్ల. పాపకి ఇక్కడ ఇంటర్‌లో సీటొచ్చింది. ఎండంటారా, మా ఉప్పగాలి కంటే నయం, రెండేళ్లకో ఫ్రిజ్ కొనలేక చస్తున్నాం."

నాన్న గొడుగు దించాడు.

ఆ పైన బేరం. టేపు ఆయన పద్నాలుగున్నర అన్నాడు. మా సామాను, మా మంచాలు, మా ఆవకాయ జాడీ ఉన్న ఇంట్లో నిలబడి నేను పదిహేను అన్నాను. ఆయన పదిహేనుంపావు అన్నాడు. పదిహేనున్నర దగ్గర ఆయన టేపు లోపలికి చుట్టేసుకున్నాడు. ఆంటీగారు మొహం మీద ఏ భావమూ లేకుండా, "మీరు పాతవాళ్లు బాబూ, మీకివ్వకపోతే ఎవరికిస్తాను" అన్నారు.

కూలరు కోసం పక్క పోర్షనుకి వెళ్లాను. ఇస్తారట, మూడు వేలకి. పంపు మార్పించారట. రెండు వేలకి అమ్మిన సొంత కూలరుని మూడు వేలకి కొని, చక్రాల మీద దొర్లించుకుంటూ తెచ్చుకున్నాను.

టులెట్ బోర్డు మాత్రం ఆంటీగారు ఇంకా తీయలేదు. గోడ వైపుకి తిప్పి పెట్టారంతే.