పులిజూదం సంస్కరణ సంఘం

గుళ్ల మండపాల్లో బండల మీద పులిజూదం గీతలు చెక్కినవాళ్లెవరో ఇవాళ్టికీ తెలియదు. సంతకం పెట్టలేదు, మినిట్స్ రాయలేదు, ఆమోదం తీసుకోలేదు. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసేచోట 23 స్థానాలు. మేకలు ఒక్కొక్కటే దిగుతాయి, అన్నీ దిగేదాకా ఏదీ కదలడానికి లేదు. పులి పక్కనున్న మేక మీంచి అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక చచ్చినట్టు. పులులన్నిటికీ దారి మూసేస్తే మేకలు గెలిచినట్టు. అంతే! ఏ కమిటీ గుండా రాని ఈ నాలుగు ముక్కలు పట్టుకుని తరతరాలు ఆడేశారంటే, మనవాళ్ల నిర్లక్ష్యానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

ఒక్క బుర్రకు వదిలేస్తే ఏమవుతుందో అమెరికా చూసింది. అద్దెలు గుంజే భూస్వామి ఎలా బలుస్తాడో, అద్దెకున్నవాడు ఎలా చితికిపోతాడో జనానికి తెలియాలని లిజీ మ్యాగీ అనే ఆవిడ ఒక ఆట తయారుచేసి 1904లో పేటెంట్ పొందింది. అది చేతులు మారి, రూపు మారి 1935లో పార్కర్ బ్రదర్స్ అనే ఆటల కంపెనీ దగ్గర మోనోపలీ అయి కూర్చుంది. ఆవిడ చేతిలో 500 డాలర్లు పెట్టి హక్కులు కొనేశారు. భూస్వామిని చూసి జనం ఛీ కొడతారని ఆవిడ అనుకుంటే, ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకరినొకరు దివాలా తీయించి చప్పట్లు కొట్టుకుంటున్నారు. పక్కన ఒక కోశాధికారి, ఒక వకీలు ఉండుంటే ఇంత జరిగేదా?

అందుకే పులిజూదాన్ని సంస్కరించి, అట్టపెట్టెలో పెట్టి సంక్రాంతికి అమ్మడానికి మా కాలనీలో తొమ్మిదిమందిమి నడుం కట్టాం.

మొదటి అభ్యంతరం వకీలు గారిది. పులిని అన్నివైపులా మూసి కట్టెయ్యడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ముందు నిలవదన్నారు. మాకు నోట మాట రాలేదు. మన అరుగుల మీద ఇన్నాళ్లూ ఎన్ని నేరాలు జరిగిపోయాయో! ‘పులిని కట్టారు’ అన్నది కొట్టేసి ‘పులి స్వచ్ఛందంగా ఆగింది’ అని రాసుకున్నాం. వెంటనే ప్లేస్కూలు నడిపే మేడమ్ లేచారు.

“పులికి మర్యాదా, మేకకి చావా? పసిపిల్లలు ఆడేదండీ ఇది!”

న్యాయమే. ఇకమీదట మేక చావదు. పులి దూకినప్పుడు పక్కకి జరిగి, దారిచ్చినందుకు ఒక పాయింటు తీసుకుంటుంది.

ఇంతలో రిటైరైన లెక్కల మాస్టారు 3 ఎక్కడ, 15 ఎక్కడ, ఇదేం సమానత్వం అని నిలదీశారు. పులులు తక్కువైనా దూకగలవు, మేకలు దూకలేవు గానీ గుమిగూడి దారి మూయగలవు, ఆటంతా ఆ తూకం మీదే ఉందండీ అని ఒక కుర్రాడు చెప్పబోయాడు. వాడు సభ్యుడు కాడు, టీ తెచ్చాడు. చెరి 9 అని ఏకగ్రీవంగా తీర్మానించాం. మార్కెటింగ్‌లో ఉన్న తమ్ముడు, పాచికలు లేకపోతే పెట్టెకి బరువు రాదనీ, బరువు లేనిదానికి 899 రూపాయలు ఎవడిస్తాడనీ అడిగాడు. పాచికలు పెట్టాం. అవి ఎప్పుడు వెయ్యాలో, ఎందుకు వెయ్యాలో రాసే పని అతనికే అప్పగించాం.

ఆడి చూశాం. ఏదీ చావలేదు, ఏదీ కట్టుబడలేదు, కరెంటు పోయేదాకా ఆట అవలేదు. ఒక్కరూ ఓడని ఆట తెలుగునేల మీద ఇదే మొదటిదని అధ్యక్షులవారు గద్గద స్వరంతో ప్రకటించారు.

అసలు తంటా పేర్ల దగ్గర వచ్చింది. పెట్టె మీద అకారాది క్రమంలో వేద్దామంటే ‘హ’తో పేరున్నాయన అలిగారు. చందా ప్రకారం అంటే కోశాధికారి రశీదు పుస్తకం కనబడటంలేదన్నారు. ఆఖరికి పేర్లు బోర్డు మీదే, ఒక్కొక్కరికి ఒక్కో స్థానం చొప్పున, ఒకే సైజు అక్షరాల్లో వేయించాలని రాజీ కుదిరింది. 23లో 9 అలా పోగా 14 మిగిలాయి. పావులు 18. తక్కిన నాలుగింటిని ఎక్కడ నిలబెట్టాలన్నది వచ్చే ఆదివారం అజెండా. టిఫిన్ వకీలు గారి వంతు.