తక్కువ మార్కులకు యావజ్జీవ శిక్షా?

పీజీ ప్రవేశాల వేళ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ బ్యాంకుల్లో విద్యారుణం కోసం వెళ్లిన తెలుగు విద్యార్థులతో ఏటా నడిచే తంతు ఇది. ప్లాస్టిక్ కవరులోంచి విద్యార్థి రెండు కాగితాలు తీస్తాడు. ఒకటి ఎంట్రన్సు రాసి తెచ్చుకున్న సీటు లేఖ, రెండోది డిగ్రీ మార్కుల జాబితా. అధికారి మొదటిదాన్ని పక్కకు జరుపుతాడు. రెండోదాని మీద, 48 శాతం దగ్గర, పెన్ను మొన ఆగుతుంది. ‘తాకట్టు ఏముంది?’ వెనక నిలబడ్డ తండ్రి నేల చూపులు చూస్తాడు. ఉన్న రెండు గదుల ఇంటికి పట్టా అయినా లేదు.

అసలు ఆ ప్రశ్నే తప్పు. 4 లక్షల రూపాయల వరకు విద్యారుణానికి తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు ఏనాడో చెప్పింది. 7.5 లక్షల వరకు అప్పు మునిగితే 75 శాతానికి ప్రభుత్వ పూచీ ఉంది.

విద్యారుణాల్లో మొండి బాకీలున్న మాట నిజమే, బ్యాంకులు ఆచితూచి అడుగేయడాన్ని తప్పుపట్టలేం. మరి ఆ ఆచితూచడం పెద్దల దగ్గర ఏమైపోయింది? 2014-15 మొదలు తొమ్మిది ఆర్థిక సంవత్సరాల్లో బ్యాంకులు పద్దుల నుంచి కొట్టేసిన అప్పు 14.56 లక్షల కోట్లు. అందులో సగానికి పైగా భారీ పరిశ్రమలు, సేవా సంస్థలదేనని 2023లో పార్లమెంటుకు చెప్పింది ప్రభుత్వమే. (కొట్టేయడమంటే మాఫీ కాదట. సరే, అలాగే అనుకుందాం.) చితికిన కంపెనీని నిలబెట్టడానికి 2016లో ప్రత్యేక చట్టమే వచ్చింది. డిగ్రీలో తడబడిన పిల్లవాడికి మాత్రం రెండో అవకాశం ఉండకూడదు!

ఆ తడబాటు ఎక్కడిది? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, డిగ్రీకి రాగానే ఇంగ్లీషు. మొదటి ఏడాదంతా పాఠం కన్నా మాటలకు అర్థాలు వెతుక్కోవడానికే సరిపోతుంది. మూడో ఏడాదికి పుంజుకున్నా మొత్తం శాతాన్ని మొదటి ఏడాదే కిందికి లాగేస్తుంది. పర్లాకిమిడి నుంచి కూతవేటులో ఆంధ్రలోని పాతపట్నం ఉంది. అక్కడి ఫీజు పథకాలు ఆంధ్ర స్థానికులకు. మనవాడు ఒడిశా విడిగా ఏర్పడిన 1936 నుంచీ గీతకు అవతలివాడే.

ఢిల్లీ తీరూ ఇంతే. 4.5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ డిగ్రీకో పీజీకో ఒక్కసారే. బీటెక్‌కు వాడుకుని బోర్లాపడితే అంతే సంగతులు. 2024లో ఆర్భాటంగా తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి రుణ పథకం ఎంపిక చేసిన మేటి సంస్థలకే పరిమితం. 48 శాతం వాడికి ఆ గుమ్మం ఎక్కే దారేదో చెప్పినవారు లేరు. వేల కోట్లు ఎగ్గొట్టినవాడితో సెటిల్‌మెంటుకు మళ్లీ మళ్లీ కూర్చునే బ్యాంకు, రెండు లక్షలు అడిగిన కుర్రవాణ్ని కుర్చీలోనైనా కూర్చోబెట్టదు.

జిల్లా బ్యాంకర్ల సమావేశాల్లో లక్ష్యాలు సాధించామని చప్పట్లు కొట్టుకునే పెద్దలు ఎన్ని విద్యారుణ దరఖాస్తులను ఏ కారణంతో తిప్పి పంపారో రాతపూర్వకంగా బయటపెట్టాలి. కలెక్టర్లు అడగాలి. అంతవరకు, అయ్యా మేనేజరు గారూ, మీరు పక్కకు జరిపిన ఆ సీటు లేఖను ఒక్కసారి విప్పి చదవండి. ఎంట్రన్సులో అతనికి వచ్చిన ర్యాంకు అందులోనే ఉంది.