అమ్మకు అక్షరం నేర్పకుండా పిల్లల లక్ష్యాలు ఎలా అందుతాయి?

మూడో తరగతి దాటేలోపు ప్రతి పిల్లకీ చదవడం, లెక్క కట్టడం రావాలన్నది కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యం. గడువు 2026-27. మంచిదే. కానీ సాయంత్రం పుస్తకం తెరిస్తే పక్కన కూర్చుని "ఏదీ, చదువు" అనేవాళ్లు ఇంట్లో ఉండాలి కదా? 2011 జనాభా లెక్కల్లో ఒడిశాలోని మా రాయగడ జిల్లాలో అక్షరాస్యత 50 శాతానికి కూడా చేరలేదు. అయినా వయోజన విద్య అంటే బడి పనులన్నీ అయ్యాక మిగిలితే చూద్దాం అన్నట్టే ఉంటుంది. నాకు మండేది అక్కడే.

మా వీధిలో పిన్ని ఒకావిడ, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు పడిందో లేదో చూడమని బ్యాంకులో నా చేతికి పాస్‌బుక్ ఇచ్చింది. పొదుపు సంఘంలో ఎవరు ఎంత బాకీయో నోటిలెక్కన చెప్పేస్తుంది. పాస్‌బుక్‌లో మాత్రం ఏది జమో, ఏది తీసిందో తెలీదు. ఫారం మీద వేలిముద్ర వేసి, వేలికంటిన ఇంకు జుట్టుకు రాసుకుంది. నేర్చుకోవచ్చు కదా పిన్నీ అన్నాను. "నాకెవులు చెప్తార్రా? ఒడియా మాటాడమంటే మాటాడతాను, ఆ అక్షరాలు చూస్తే భయం" అంది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? రేషన్ కార్డు, మనవడి పుస్తకం అన్నీ ఒడియాలోనే. కాబట్టి ఒడియా అక్షరాలే నేర్పాలి. కానీ తెలుగులో చెప్పి నేర్పాలి. మహారాష్ట్రలోని సిరొంచ వైపు మన తెలుగువాళ్లకు మరాఠీతో ఇదే అవస్థ. ఇక్కడి తెలుగువాళ్ల కోసం అలాంటి వాచకం ఒక్కటీ నా కంటపడలేదు.

1978లో జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో అక్షరాస్యతా మిషన్, 2009లో సాక్షర భారత్ వచ్చాయి. సాక్షర భారత్‌లో కనీసం ఊళ్లో వయోజన విద్యా కేంద్రం నడిపే ప్రేరక్‌లకు నెలకు 2 వేలు ఇచ్చేవారు. 2018 మార్చితో అదీ ఆగింది. ఇప్పుడున్న వయోజన విద్యా పథకం ఉల్లాస్‌కు 2022 నుంచి 2027 లోపు 5 కోట్ల మందికి నేర్పాలన్న లక్ష్యం పెట్టి, నేర్పే భారమంతా వాలంటీర్ల మీద వేశారు. సేవాభావం గొప్పదే, కాదనను. కానీ ఇల్లు గడవడానికి ట్యూషన్లు చెప్పుకునే కుర్రాడు ఊరికే ఎన్నాళ్లు వస్తాడు? చివర్లో 150 మార్కుల పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తున్నారు. పాసైన మనిషి ఆరు నెలల తర్వాత తన పాస్‌బుక్ చదవగలుగుతోందా అని కూడా చూడాలి.

సంఘం మీటింగ్‌కు ఆడవాళ్లు ఎలాగూ వస్తారు. ఆ రోజే ఒక గంట వాళ్ల పాస్‌బుక్కులతోనే పాఠం చెప్పండి. రెండు భాషలూ వచ్చినవాళ్లను పెట్టి, చేసిన పనికి డబ్బివ్వండి. రాయగడలో, గుణుపూర్‌లో, పర్లాకిమిడిలో అలాంటి డిగ్రీ పిల్లలు ఎంతోమంది ఉన్నారు. మీ పంచాయతీలో ఉల్లాస్ ఎవరు చూస్తున్నారో ఈ వారమే వెళ్లి అడగండి.